కిల్పెక్ చర్చి చూడాలంటే ముందు బయట ఓ చుట్టు తిరగండి

ఇంగ్లాండ్ వచ్చిన మనవాళ్ళు లండన్, ఆక్స్‌ఫర్డ్ చూసేసి వెళ్ళిపోతుంటారు, ఒక్క పల్లెటూరి చర్చి కూడా చూడరు, నాకది నిజంగా బాధనిపిస్తుంది. ఒక్కదానికే టైముంటే హెర్ఫర్డ్‌షైర్‌లో కిల్పెక్ వెళ్ళండి. 1140 ప్రాంతంలో కట్టారు, అంటే మన రామప్ప గుడి (1213) కన్నా డెబ్బై ఏళ్ళ ముందుది.

1. లండన్ ప్యాడింగ్టన్ నుంచి హెర్ఫర్డ్‌కి ట్రైన్లో మూడు గంటలు, అక్కణ్ణుంచి ఏ465 రోడ్డు మీద కారో ట్యాక్సీయో. ఆదివారం పొద్దున ప్రార్థన ఉందేమో ముందే కనుక్కోండి. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా పట్టుకెళ్ళండి.

2. వెళ్ళగానే లోపలికి దూరిపోకండి! గుడికి ప్రదక్షిణ చేసినట్టు బయటే నెమ్మదిగా తిరుగుతూ చూరు కిందకి చూడండి, ఎర్ర ఇసుకరాతిలో చెక్కిన బొమ్మలు 85 దాకా వరసగా ఉంటాయి, మనుషులు, జంతువులు, ఏ జంతువో తెలీనివి కూడా. కుక్కా కుందేలూ పక్కపక్కనే ఉన్న బొమ్మ ఒకటుంది, కుక్కకి పెద్ద కళ్ళు, వేలాడే చెవులు, అచ్చం చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలోదిలా ఉంటుంది, మా అమ్మ వచ్చినప్పుడు దాని దగ్గర్నుంచి కదల్లేదు.

3. తర్వాత దక్షిణం వైపు గుమ్మం, దీనికి కనీసం పావుగంట ఇవ్వండి. పైన కమానులో చెట్టు, ఒక స్తంభం మీద సన్నగా పొడుగ్గా ఇద్దరు సైనికులు తీగల మధ్య, పక్కన పాములు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ వానలకి కూడా ఆ చెక్కడం ఇంకా అంత స్పష్టంగా ఎలా ఉందా అనిపిస్తుంది. చేత్తో మాత్రం తాకొద్దు.

4. లోపలికి చెప్పులు విప్పక్కర్లేదు, టోపీ ఉంటే తీస్తే చాలు. వెళ్ళాక తలుపు మళ్ళీ దగ్గరకి వేయండి, పక్షులు వచ్చేస్తాయి. చీకటిగా అనిపిస్తుంది, రెండు నిమిషాలు బల్ల మీద కూర్చుంటే కళ్ళు అలవాటుపడి లోపలి కమాను మీద అటు ముగ్గురు ఇటు ముగ్గురు సాధువుల బొమ్మలు కనిపిస్తాయి.

5. విరాళం పెట్టెలో కొన్ని పౌండ్లు వేయండి, ఇలాంటి పాత కట్టడాన్ని ఓ చిన్న ఊరు చూసుకోవడం మామూలు ఖర్చు కాదు. విజిటర్స్ బుక్ కనిపిస్తే తెలుగులో రెండు ముక్కలు రాయండి.

6. పక్కనే పాత కోట దిబ్బ ఉంది, గోడ ముక్కలే మిగిలాయి. గడ్డి తడిగా ఉంటుంది, మంచి బూట్లేసుకుని ఎక్కి, అక్కణ్ణుంచి చర్చిని ఇంకోసారి చూడండి.