పండక్కి తాళం తీసే ఇల్లు: నెల్లూరు, ప్రకాశం ఊళ్లలో ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఏడాదంతా తాళంలో ఉన్న ఊరి ఇంట్లో సంక్రాంతికి పొయ్యి వెలిగించాలంటే భోగికి ముందు రెండు పూర్తి పనిదినాలు చేతిలో ఉండాలి. భోగి నుంచి ముక్కనుమ దాకా కరెంటు మనిషి దొరకడు, మోటరు మెకానిక్ దొరకడు, ఫుట్‌వాల్వ్ (మోటరు పైపు అడుగున నీళ్లు కిందికి జారకుండా ఆపే వాల్వు) కొనుక్కుందామన్నా కొట్టు తెరిచి ఉండదు. భోగి 13న పడితే 11 పొద్దుటికి ఊళ్లో దిగాలి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకు మొదలవుతుంది కాబట్టి, జనవరి 10 రాత్రి బండికి నవంబరు 11న సిద్ధంగా ఉండండి. సింగరాయకొండలోనో కావలిలోనో దిగేవాళ్లకు బెర్తు లేదని చూపిస్తే, సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో ఆఖరి స్టేషను గూడూరు దాకా అడిగి చూడండి. కొన్నిసార్లు దొరుకుతుంది.

మన వైపు ఇళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాలతో పడతాయి. అంటే పండగ నాటికి గోడలు ఇంకా ఆరవు, దొడ్లో గడ్డి మోకాలెత్తు ఉంటుంది, పాములు మెట్ట చోటు వెతుక్కుని వసారాలోకి చేరి ఉంటాయి. కాబట్టి ముందే ఎవరికైనా కూలి ఇచ్చి ఇంటి చుట్టూ గడ్డి కోయించండి. మీరు వెళ్లగానే తాళం తీయకుండా, బూట్లు వేసుకుని చేతికర్రతో ఒకసారి చుట్టూ తిరగండి. కొబ్బరి మట్టలు, కట్టెల మోపు, పేర్చిన ఇటుకలు చేత్తో ఎత్తొద్దు. రక్తపింజరి, కట్లపాము, తేళ్లు ఉండేది వాటి కిందే. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు. కాలు కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

తాళం తుప్పు పట్టి తిరక్కపోతే తాళంచెవిని బలవంతంగా తిప్పొద్దు, లోపలే విరుగుతుంది. నాలుగు చుక్కలు కిరసనాయిలు పోసి పది నిమిషాలు ఆగండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, అది జిడ్డుకట్టి వచ్చే ఏటికి ఇంకా బిగుసుకుంటుంది. తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి గంటసేపు బయటే ఉండండి. ఎలుక పెంటికలు కనబడితే చీపురుతో పొడిగా ఊడవకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్లీచింగ్ నీళ్లు చల్లి పది నిమిషాలు ఆగి తడిగుడ్డతో తీసేయాలి.

లోపల మొదటి పని కరెంటు. మెయిన్ వేసే ముందు అన్ని స్విచ్చులూ ఆపండి. స్విచ్‌బోర్డుల పక్కన ఎలుక కొరికిన వైరు ఉందా, గోడ చెమ్మగా ఉందా చూడండి. తర్వాత మెయిన్ వేసి ఒక్కొక్క గదే కలపండి. ఏ గది కలిపితే ట్రిప్ అవుతుందో ఆ గదిని అలాగే వదిలేయండి, మళ్లీ మళ్లీ ఎత్తొద్దు. తడి గోడ మీది బోర్డు ముట్టుకుంటే జివ్వుమంటుంటే ఆ రోజుకి ఆ గదిలో ఎవరినీ పడుకోబెట్టకండి. అసలు కరెంటే లేకపోతే బిల్లు కట్టక సర్వీసు తీసేశారేమో చూసుకోండి. నెల్లూరు వాళ్ల కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్, ప్రకాశం వాళ్లది సీపీడీసీఎల్. యాప్‌లో తప్పు కంపెనీ ఎంచుకుంటే మీ సర్వీసు నెంబరు కనబడదు. ఫిర్యాదుకు 1912.

రెండో పని నీళ్లు, ఎక్కువ ఇళ్లలో పండగ పాడయ్యేది ఇక్కడే. నెలల తరబడి తిరగని మోటరు పట్టేసి ఉంటుంది. స్విచ్ వేయగానే గుర్రుమంటూ తిరక్కపోతే వెంటనే ఆపేయండి. అర నిమిషం అలాగే ఉంచితే వైండింగ్ కాలిపోతుంది. పైన బిగించిన మోనోబ్లాక్ (మోటరు, పంపు ఒకటిగా ఉండేది) అయితే, మెయిన్ ఆపి వెనక ఫ్యాను జాలీ విప్పి, ఫ్యానును చేత్తో అటూ ఇటూ కదిలిస్తే చాలాసార్లు వదులవుతుంది. తిరిగినా నీళ్లు రాకపోతే ఫుట్‌వాల్వ్ ఎండి నీళ్లు కిందికి జారిపోయాయని అర్థం. పైన బిరడా తీసి నిండా నీళ్లు పోసి, బుడగలు ఆగాక మూసి వేయండి. బోరులోని సబ్‌మెర్సిబుల్ పట్టేస్తే ముందు స్టార్టర్ డబ్బాలో కెపాసిటర్ మార్పించండి. అది తక్కువ ఖర్చుతో పోయేది. అప్పటికీ తిరక్కపోతేనే పైపులు పైకి లాగించాలి.

ట్యాంకు అడుగు బురద తీసి, గోడలు తోమి, మళ్లీ నింపాక వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలపండి. కుళాయిలన్నీ ఒకసారి తిప్పి వాసన వచ్చాక కట్టేసి, రాత్రంతా ఉంచి పొద్దున మొత్తం వదిలేయండి. ఆ నీళ్లు తాగడానికీ, వంటకూ పనికిరావు. చేదబావికి లెక్క వేరే. బావి వెడల్పును అదే వెడల్పుతో హెచ్చించి, దాన్ని నీటి లోతుతో హెచ్చించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి (కొలతలు మీటర్లలో). రెండు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్లుంటే సుమారు 12,500 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 31 గ్రాములు చాలు. బకెట్లో కలిపి పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వేరే బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ను తాడుతో నీటి లోపలికి దించి పైకీ కిందికీ ఆడించాలి. సున్నం బావిలో పోయొద్దు. గంట తర్వాతే నీళ్లు తోడండి. పౌడర్ కొత్త ప్యాకెట్ అయి ఉండాలి, పాత డబ్బాలోది గాలి తగిలి పస లేకుండా పోతుంది. మూతపెట్టిన సంపులోకి, పూడిక బావిలోకి ఎవరూ దిగొద్దు, దించొద్దు. అడుగున విషవాయువు ఉంటే దిగిన మనిషి కేక కూడా వేయలేడు.

కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. కాచినా, బ్లీచింగ్ వేసినా అది పోదు. తాగడానికి క్యాన్లు తెప్పించుకోండి, పిల్లలుంటే మరీ ముఖ్యం.

మిద్దె మీదికి పగలే ఎక్కండి. వేపాకు అడ్డుపడి తూములు మూసుకుంటే వాననీళ్లు నిలబడి కిందికి దిగుతాయి. పిట్టగోడ సందుల్లో రావి మొక్క మొలిస్తే వేరుతో సహా పీకించండి. కొమ్మ విరిచి ఊరుకుంటే వేరు లావై గోడను చీలుస్తుంది. పాత మద్రాసు మిద్దెల్లో (చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి వేసిన కప్పుల్లో) దూలాలను సుత్తితో తట్టి చూడండి. డొల్లగా మోగిందంటే చెదలు లోపల తినేసింది, మేస్త్రీ చూసేదాకా ఆ దూలం కింద మంచం వేయకండి.

వంటింట్లో గ్యాస్ ట్యూబు మీద ముద్రించిన గడువు చూసి, సబ్బు నురుగు రాసి బుడగలు రాలేదని తేలాకే వెలిగించండి. కనుమ నాటి చేపల పులుసుకు కొత్త మట్టిదాక కొంటే ఆ రాత్రే నీళ్లలో నానేసి, మర్నాడు గంజి పోసి కాచుకోవాలి. లేకపోతే మొదటి పులుసుకే బీటలిస్తుంది. ఇంటిపన్నుకు సచివాలయం మెట్లెక్కాలనుకుంటే అదీ భోగికి ముందే.

తిరుగు ప్రయాణం నాడు ఒక పూట ఇంటికే ఇవ్వండి. ఈసారి మీరు చూసిన పాడులో సగం, పోయినసారి హడావుడిగా తాళం వేయడం వల్ల వచ్చిందే. ట్యాంకు ఖాళీ చేసి గేట్‌వాల్వ్ కట్టండి. లెట్రిన్ వంపులో నీళ్లు నింపి రెండు చెంచాల నూనె వేయండి. నూనె పొర ఉంటే నీళ్లు త్వరగా ఇంకవు, బొద్దింకలు, కంపు లోపలికి రావు. ఫ్రిజ్ ప్లగ్గు తీసి, తుడిచి, తలుపు మూతపడకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. ఒక్క బియ్యం గింజ కూడా మిగల్చొద్దు, గింజ ఉన్నచోటికి ఎలుక వస్తుంది, ఎలుక వెనక పాము వస్తుంది. పరుపులు, దుప్పట్లు ఎండబెట్టి ట్రంకు పెట్టెలో పెట్టండి. సముద్రం దగ్గరి ఊళ్లలో గడియలకు, బందులకు గ్రీజు పూయండి.

తాళంచెవి ఉంచుకునే పొరుగు పిన్నికో, చిన్నాన్నకో ఊరికే చెప్పి వెళ్లకుండా, పనిచేసే మనిషికి నెలనెలా ఇంత అని డబ్బు పంపండి. నెలకోసారి కిటికీలు తెరవాలి, మోటరు ఐదు నిమిషాలు తిప్పాలి. సెప్టెంబరు ఆఖరి వారంలో, వానలు దిగకముందే, మిద్దె తూములు తీయించి ఫోటో తెప్పించుకోండి.