యూబీఐఎఫ్‌ఎస్‌కు ఎస్‌ఈలినక్స్ లేబుళ్లు: నా అనుభవం

నాండ్ ఫ్లాష్ (ఒక రకం నిల్వ చిప్) ఉన్న చిన్న పరికరంలో పాత లినక్స్ కెర్నెల్‌పై (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగంపై) ఎస్‌ఈలినక్స్‌ను అమలుచేశాను. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును వాడవచ్చో ఫైలుకు తగిలించిన లేబుల్‌ను బట్టి నిర్ణయించే భద్రతా వ్యవస్థ ఇది. అయితే, అలాంటి ఫ్లాష్ కోసం రూపొందించిన ఫైల్ సిస్టమ్ యూబీఐఎఫ్‌ఎస్‌లోని ఫైళ్లన్నింటికీ ఒకే లేబుల్ కనిపించింది. భద్రతా లేబుళ్లను నిల్వచేసే ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లకు (ఫైలుకు జతచేసే అదనపు సమాచారానికి) ఆ కెర్నెల్ యూబీఐఎఫ్‌ఎస్‌లో హ్యాండ్లర్, అంటే వాటిని చదివి రాసే కోడ్, లేకపోవడమే దానికి కారణం.

హ్యాండ్లర్ చేర్చడం సులువే. అయితే ఫైలు పుట్టినప్పుడే లేబుల్ పడాలి కనుక, ఫైలు, డైరెక్టరీ, డివైస్ నోడ్, సింబాలిక్ లింకు సృష్టించే ఫంక్షన్లన్నింటిలోనూ, ఐనోడ్ (ఫైలు వివరాలను ఉంచే రికార్డు) తయారయ్యాక, డైరెక్టరీలో పేరు చేరకముందే లేబుల్ రాసే పిలుపును చేర్చాను. సింబాలిక్ లింకులకు ఆట్రిబ్యూట్ ఆపరేషన్లనే విడిగా జతచేయవలసి వచ్చింది. తేలిగ్గా మరచిపోయే అడుగు ఇదే. యూబీఐఎఫ్‌ఎస్ ప్రతి ఆట్రిబ్యూట్‌నూ ప్రత్యేక ఐనోడ్‌గా నిల్వచేస్తుంది కాబట్టి, చిన్న ఫ్లాష్‌లో ఈ స్థలభారాన్ని ముందే లెక్కవేసుకోవాలి.

యూబీఐఎఫ్‌ఎస్ లేబుళ్లను ఆట్రిబ్యూట్ల నుంచే చదవాలని ఎస్‌ఈలినక్స్ నియమాల జాబితా అయిన పాలసీలో ప్రకటించి, పాత ఫైళ్లపై రిస్టోర్‌కాన్ (పాలసీ ప్రకారం లేబుళ్లను తిరిగి వేసే ఆదేశం) నడిపాక లేబుళ్లు సరిగా వచ్చాయి.