దుబాయ్ విమానం ఎక్కే ముందు పాలమూరు వాళ్లు చూసుకోవాల్సినవి

ముందు టికెట్ మీద టైం సరిగ్గా చదవండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, విమానంలో దాదాపు 4 గంటలు. టికెట్ మీదేమో పొద్దున 10:00కి లేచి 12:30కి దిగుతుందని ఉంటుంది. రెండున్నర గంటలే కదా అనుకోవద్దు. దిగే టైం అక్కడి గడియారంది, అది మనకంటే గంటన్నర వెనక. షుగర్ మాత్రలు, తిండి వేళలు 4 గంటల లెక్కనే పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది.

☐ తేదీ: 15వ తేదీ 00:40 అంటే 14 రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. మా చిన్నాయన 15 సాయంత్రం తీరిగ్గా సంచులు సర్దాడు. విమానం ముందు రాత్రే పోయింది!

☐ దారి: మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ సుమారు 80 కిలోమీటర్లు. జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే ఎక్కితే దారి సాఫే. అయినా 2 గంటలు వేసుకోండి, విమానానికి 3 గంటల ముందు అక్కడ దిగాలి. అంటే గాల్లో ఉండేదానికంటే నేల మీద గడిపేదే ఎక్కువ.

☐ పేరు: పాస్‌పోర్టులో ఎలా ఉంటే టికెట్‌లోనూ అచ్చం అలాగే. ఇంటిపేరు దగ్గరే తేడాలొస్తాయి.

☐ మసాలా పొడి: గసగసాలు దుబాయ్‌లో నిషేధం. అమ్మ దంచి మూటగట్టిన మటన్ మసాలాలో అవి ఉన్నాయేమో అడగండి. ఉంటే ఇంట్లోనే వదిలేయండి.

☐ పవర్ బ్యాంకు చేతి సంచిలో, తొక్కు డబ్బా పెద్ద సూట్‌కేసులో.