టమాటా నారు మొలిచాక వాలిపోతుంటే: నా అనుభవం

ఎంవీపీ కాలనీలో మా రూమ్ కిటికీ గట్టు మీద ఫిబ్రవరిలో టమాటా, వంగ విత్తనాలు వేశాను. వారానికల్లా చక్కగా మొలిచాయి. రెండు ఆకులు విప్పుకున్నాక, ఒక ఉదయం కాలేజీకి బయల్దేరుతూ చూస్తే నాలుగు మొక్కలు పడిపోయి ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి, కాడ మాత్రం మట్టిని తాకే చోట తడిసిన దారంలా సన్నబడిపోయింది. చాలా బాధేసింది. దీన్ని నారుకుళ్ళు తెగులు అంటారు.

వేపనూనె చల్లాను, ఎండలోకి మార్చాను, నీళ్లు ఇంకా ఎక్కువ పోశాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి పాత మట్టి పారేసి, పెరుగు కప్పులు సబ్బుతో కడిగి అడుగున మూడేసి రంధ్రాలు పెట్టాను. కొత్త కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కొంచెం వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) నింపి, కప్పుకి రెండే గింజలు వేసి, పైన పలచగా ఇసుక చల్లాను. బీచ్ ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. ఏటి ఇసుక కడిగి ఎండబెట్టి వాడాను. అసలు మార్పు నీళ్ల దగ్గర. పైనుంచి పోయడం పూర్తిగా మానేశాను. పళ్లెంలో వేలి కణుపు లోతు నీళ్లు పోసి, కప్పులు 20 నిమిషాలు అందులో ఉంచి తీసేస్తాను. పై ఇసుక పొడిగా ఉండి, కప్పు ఎత్తితే తేలిగ్గా అనిపిస్తేనే మళ్లీ పెడతాను. మన వైజాగ్ తేమకి మట్టి తొందరగా ఆరదు కదా, అందుకే రోజూ ఒక గంట ఫ్యాన్ చిన్న స్పీడ్‌లో వేస్తున్నాను.

ఈసారి 12 కప్పుల్లో ఒక్కటే పోయింది. అన్నీ ఒకేసారి మార్చాను కాబట్టి ఏది కాపాడిందో కచ్చితంగా చెప్పలేను, నాకైతే నీళ్ల పద్ధతే అనిపిస్తోంది. మీ గదిలో వెలుతురు, గాలి వేరుగా ఉండొచ్చు. పడిపోయిన మొక్క మాత్రం తిరిగి లేవదు, వెంటనే తీసేయండి.