కొనుగోలుదారు స్వయంబోధిని – 4వ పాఠం: అడగనిది పెట్టెలో వస్తే

గత పాఠంలో పార్సిల్ తెరిచే పద్ధతి నేర్చుకున్నాం. టేపు కోయకముందే లేబుల్‌కు ఒక ఫోటో తీయడం, కోసిన తరువాత ఇన్‌వాయిస్ పక్కన పెట్టుకుని ఒక్కొక్క వస్తువునూ బయటికి తీసి లెక్కపెట్టడం. ఈ మధ్య వచ్చిన పార్సిళ్లను అలాగే తెరిచి ఉంటే, ఈ పాఠంలో సగం పని మీకు అప్పుడే అలవాటైనట్టు.

తక్కువ వచ్చినప్పుడు ఏం చేయాలో ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ నిమిషంలోనే ఫోను చేతిలోకి తీసుకుంటాం. ఎక్కువ వచ్చినప్పుడే కాలూ చేయీ ఆడదు. రేపు చెబుదాంలే అనుకుంటాం, పెట్టె అటక ఎక్కుతుంది. వారం గడిచాక చెప్పడానికి మొహమాటం, నెల గడిచాక భయం. అలా ఉండిపోయిన వస్తువుల వెనుక దురాశ కన్నా ఈ తటపటాయింపే ఎక్కువని నా నమ్మకం. మొదటి రోజు ఏం రాయాలో తెలిసి ఉంటే ఆ పెట్టె అటక ఎక్కేది కాదు. ఆ మొదటి రోజు పనే ఈ పాఠం.

ముందు రకం తేల్చుకోండి

ఒకసారి నేను టేబుల్ దీపానికి ఒక బల్బు ఆర్డర్ చేశాను. వచ్చిన పెట్టె ఒక బల్బుకు ఉండాల్సిన దానికన్నా చాలా పెద్దది. ఇన్‌వాయిస్‌లో సంఖ్య దగ్గర 1 అనే ఉంది, లోపల మాత్రం పది బల్బులు. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తే చిరునామా లేబుల్ అంచు కాస్త లేచి ఉంది. దాన్ని మెల్లగా ఎత్తితే కింద కార్టన్ మీద ముద్రించిన అక్షరాలు కనిపించాయి: 10 నగాలు. లేబుల్ సరిగ్గా ఆ అంకె మీదే అతికించారు.

అసలు సంగతి అక్కడ తెలిసింది. విడి వస్తువుకు ఒక బార్‌కోడ్ ఉంటుంది, ఆ వస్తువులు పది కలిపి కట్టిన కార్టన్‌కు మరో బార్‌కోడ్ ఉంటుంది. గోదాములోని కంప్యూటర్‌లో ఈ రెండూ తారుమారైతే, ఒక నగం తీయమన్న చోట ఒక కార్టన్ తీస్తారు. ప్యాకింగ్ చేసే మనిషి తప్పేమీ ఉండకపోవచ్చు. తెర మీద 1 అని చూశారు, ఒకటి తీశారు. ఈ రకం పొరపాటు ఒక్క పార్సిల్‌తో ఆగదు. లెక్క సరిదిద్దేవరకు ఆ వస్తువు అడిగిన ప్రతి ఒక్కరికీ కార్టన్లే వెళుతుంటాయి. మనం ఒక మాట రాస్తే ఆ గొలుసు తెగుతుంది. అందుకే లేబుల్ కింది అంకెను కూడా ఫోటో తీసి పంపమంటాను.

రెండో రకం, ఒకే ఆర్డర్ రెండుసార్లు రావడం. పార్సిల్ దారిలో ఆలస్యమైందని ఫిర్యాదు చేస్తే బదులుగా మరొకటి పంపుతారు. తప్పిపోయిందనుకున్న మొదటిది కూడా తరువాత నింపాదిగా వస్తుంది. మూడోది, మీ పెట్టెలో మరొకరి వస్తువు. ఇందులో కాస్త జాగ్రత్త అవసరం, ఎందుకంటే మీకు ఎక్కువైనది అవతల ఎవరికో తక్కువైంది. ఆ మనిషి ఈపాటికే కస్టమర్ కేర్‌తో తగువు పడుతూ ఉండవచ్చు. లోపల వారి పేరు, ఫోన్ నంబర్ ఉన్న కాగితం దొరికినా నేరుగా ఫోన్ చేయకండి, దాని ఫోటోను సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. సంగతి అమ్మినవారికి చెబితే చాలు. చిరునామా పొరపాటున మీ గుమ్మంలోకి వచ్చిన పార్సిల్ అయితే అసలు తెరవకూడదు. తెచ్చిన కొరియర్‌కే తిరిగి అప్పగించాలి.

ఇన్‌వాయిస్‌లో సున్నా ధరతో ఒక వరుస కనిపిస్తే అది కానుకో, నమూనానో అయి ఉంటుంది. దానికి ఈ పాఠంతో పని లేదు.

చట్టం ఎవరి పక్షం

పొరపాటున వచ్చింది తిరిగి ఇవ్వాలన్న సూత్రం చాలా పాతది. లేని బాకీని పొరపాటున చెల్లించినవాడి దగ్గర పుచ్చుకున్నవాడు, అప్పు తీసుకున్నవాడిలాగే బాధ్యుడని 2వ శతాబ్దపు రోమన్ న్యాయవేత్త గాయస్ పాఠం చెప్పాడు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 72వ సెక్షన్ కూడా అదే మాట చెబుతుంది: పొరపాటున డబ్బు ముట్టినా, వస్తువు అందినా తిరిగి ఇవ్వాలి.

దీనికి తోడు వస్తు విక్రయ చట్టం, 1930 ఉంది. ఈ పాఠానికి అందులోని మూడు సెక్షన్లు చాలు. 37వ సెక్షన్ ప్రకారం ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ పంపితే, మీరు అడిగినంత ఉంచుకుని మిగిలింది తిరస్కరించవచ్చు. మొత్తం స్వీకరిస్తే మాత్రం మొత్తానికీ ఒప్పందం ధర చొప్పున చెల్లించాలి. స్వీకరించడం అంటే ఏమిటో 42వ సెక్షన్ చెబుతుంది: సొంత వస్తువులా వాడినా, తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా సముచితమైన కాలం దాటేవరకు అట్టిపెట్టుకున్నా స్వీకరించినట్టే. అంటే మౌనం కూడా ఒక జవాబే, అదీ డబ్బు చెల్లించాల్సిన జవాబు. ఇక నాకు అన్నిటికన్నా నచ్చినది 43వ సెక్షన్. తిరస్కరించే హక్కు ఉండి తిరస్కరించినవాడు, వేరే ఒప్పందం లేనంతవరకు, వస్తువును మోసుకెళ్లి తిరిగి ఇవ్వనక్కరలేదు. తిరస్కరిస్తున్నానని తెలియజేస్తే చాలు.

ఈ మూడింటినీ కలిపి చదివితే మన పని, వాళ్ల పని వేరువేరుగా కనిపిస్తాయి. చెప్పడం మన పని. తీసుకువెళ్లడం వాళ్ల పని.

అడగకుండా వచ్చింది ఏదైనా మనదే అన్న మాట మీరు వినే ఉంటారు. అది గాలికి పుట్టిన మాట కాదు. అమెరికాలో 1970 నాటి తపాలా చట్టం, అడగని సరుకును తపాలాలో పంపితే అందుకున్నవారు దాన్ని కానుకగా భావించవచ్చంటుంది. బ్రిటన్‌లో 2013 నాటి వినియోగదారుల నిబంధనలు అలాంటి రక్షణే ఇచ్చాయి, యూరోపియన్ యూనియన్ 2011 నాటి ఆదేశం కూడా ఇస్తుంది. కానీ ఈ నియమాలు పుట్టింది వేరే రోగానికి. అడగని సరుకును కావాలని పంపి, ఆపైన బిల్లు చేతిలో పెట్టే వ్యాపారులను అదుపు చేయడానికి వచ్చాయి. నిజాయితీగా జరిగిన పొరపాటును జర్మనీ పౌరస్మృతి 241ఎ సెక్షన్‌లో విడిగా చూస్తుంది: ఆర్డర్ ఉందన్న అపోహతో పంపారని అందుకున్నవారికి తెలిసినా, తెలిసే వీలున్నా, పంపినవారి హక్కు పోదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968 నాటి దొంగతనాల చట్టం మరో అడుగు ముందుకు వేస్తుంది. మరొకరి పొరపాటు వల్ల చేతికి వచ్చి, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉన్న వస్తువును ఆ మేరకు అవతలివారి సొత్తుగానే లెక్కిస్తుంది. మీరున్న దేశం ఏదైనా, వెతకాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది అమ్మకపు ఎత్తుగడా, చేయి జారిన తప్పా?

ఉత్తరం

ఇప్పుడు అసలు పని. ముందు ఏం చేయకూడదో చెబుతాను, ఎందుకంటే ఆ తప్పు నేనే చేయబోయి ఆగాను. యాప్‌లో ఆర్డర్ పక్కన కనిపించే రిటర్న్ మీట నొక్కకండి. ఆ మీట మీరు డబ్బు చెల్లించి కొన్న వస్తువుకు సంబంధించినది. అదనపు వస్తువు కోసం దాన్ని నొక్కితే కొన్న బల్బు వెనక్కి వచ్చిందని కంప్యూటర్ రాసుకుంటుంది, దాని డబ్బు మీ ఖాతాలో పడుతుంది. ఒక తప్పు ఉన్న చోట రెండవుతాయి. చాట్‌లోకో, ఈమెయిల్‌లోకో వెళ్లి మాటల్లో రాయండి. నేను రాసింది ఇది:

“మీరు పంపిన పార్సిల్ ఈ రోజు అందింది. ఆర్డర్ నంబరు పైన రాశాను. నేను కోరింది 1 బల్బు, పెట్టెలో ఉన్నవి 10. అదనంగా వచ్చిన 9 బల్బులను నేను స్వీకరించడం లేదు. వాటిని వాడకుండా భద్రంగా ఉంచాను. మీ ఖర్చుతో తీసుకువెళ్లే ఏర్పాటు చేయండి. ఈ రోజు నుంచి 30 రోజుల్లోపు, ముందుగా తెలియజేసి ఎప్పుడైనా మనిషిని పంపవచ్చు. వీటికి నా నుంచి డబ్బు వసూలు చేయరని రాతపూర్వకంగా తెలియజేయండి. లేబుల్, ఇన్‌వాయిస్, కార్టన్ ఫోటోలు జతచేశాను.”

ఇందులో ఏ మాట ఎందుకుందో చూడండి. ‘ఈ రోజు అందింది’ అన్నది, ఆలస్యం చేయలేదనడానికి సాక్ష్యం. ‘స్వీకరించడం లేదు’ అన్న మాటే ఉత్తరానికి ప్రాణం. 42వ సెక్షన్ అడిగే తిరస్కారం అదే. చాలామంది మర్యాద కొద్దీ ‘ఇవి ఎక్కువ వచ్చాయి, ఏం చేయమంటారు?’ అని రాస్తారు. అది సమాచారమే తప్ప తిరస్కారం కాదు. అలాగే ‘తిరిగి పంపిస్తాను’ అని కూడా రాయకండి. అలా రాస్తే పెట్టె కట్టడం, మోయడం, ఖర్చు అన్నీ మీ నెత్తికి వస్తాయి. ‘తీసుకువెళ్లే ఏర్పాటు చేయండి’ అన్నది సరైన మాట.

30 రోజులు ఎక్కడివి అంటారా? పొరపాటున వచ్చిన సరుకు విషయంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన వినియోగదారులకు ఇలాగే సలహా ఇచ్చింది: ఖర్చు అమ్మినవారే పెట్టుకుంటే తిరిగి ఇస్తామని రాయండి, ఉదాహరణకు 30 రోజుల వంటి సముచితమైన గడువు ఇవ్వండి. చాలా చోట్ల ఇది చట్టం విధించిన లెక్క కాదు, వాడుకోదగిన లెక్క. విలువైన వస్తువైతే గడువు పెంచండి, వారానికోసారి గుర్తుచేస్తూ రాయండి. గడువు దాటినంత మాత్రాన వస్తువు దానంతట అదే మీదైపోదు.

జవాబుగా చాలాసార్లు ‘మీ దగ్గరే ఉంచుకోండి’ అని వస్తుంది. చవక వస్తువును వెనక్కి తెప్పించే ఖర్చు దాని ధరను మించిపోతుంది మరి. ఆ మాట ఫోన్‌లో చెబితే వెంటనే ‘ఇదే సంగతి ఈమెయిల్‌లో పంపండి’ అనండి. చాట్ అయితే ఆర్డర్ నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తరువాత అవి నిస్సంకోచంగా మీవి.

అప్పగించే రోజు

వస్తువు తీసుకువెళ్లడానికి ఎవరైనా వస్తే, ఆ పికప్ మీ యాప్‌లోనో, అమ్మినవారి ఈమెయిల్‌లోనో నమోదై ఉందో లేదో ముందు చూడండి. ఇక్కడ ఒక మోసం నడుస్తోంది. దొంగిలించిన వివరాలతో మీ చిరునామాకు ఖరీదైన ఫోన్ తెప్పిస్తారు. కాసేపటికి ‘పొరపాటున మీకు వచ్చింది, మా మనిషి వస్తాడు, ఇచ్చేయండి’ అని ఫోన్ చేస్తారు. మంచితనంతో ఇచ్చేస్తే వస్తువు దొంగ చేతికి, బిల్లు మీ పేరుకు. ఫోన్ చేసినవారు ఇచ్చిన నంబరుకు కాకుండా, అమ్మినవారి వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ఓటీపీ అడిగితే, ఏ పనికి వచ్చిన ఓటీపీయో సందేశం పూర్తిగా చదవకుండా చెప్పకండి. అప్పగించాక రసీదు తీసుకోండి, దానికీ ఒక ఫోటో తీయండి.

అసలు ఏ ఆర్డరూ ఇవ్వకుండా మీ పేరుతో పార్సిల్ వస్తే అది ఈ పాఠంలోని పొరపాటు కాకపోవచ్చు. దొంగ సమీక్షలు రాసుకోవడానికి కొందరు అమ్మకందారులు చవక వస్తువులను ముక్కూమొహం తెలియని చిరునామాలకు పంపుతుంటారు. 2020లో అమెరికాలో ఎందరికో అడగని విత్తనాల పొట్లాలు వచ్చినప్పుడు, వాటిని నాటవద్దని అక్కడి వ్యవసాయ శాఖ హెచ్చరించింది. అలాంటి పెట్టెలో క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయకండి. షాపింగ్ ఖాతాల పాస్‌వర్డ్ మార్చి, కార్డు స్టేట్‌మెంట్ ఒకసారి చూసుకోండి.

అభ్యాసం

ఒకటి: మీరు నీలం చొక్కా ఒకటి ఆర్డర్ చేశారు. పెట్టెలో నీలం చొక్కా, దానితోపాటు ఎర్ర చొక్కా ఉన్నాయి. ఇన్‌వాయిస్‌లో ఒకటే వరుస ఉంది. పైన ఇచ్చిన ఉత్తరాన్ని ఈ సందర్భానికి మార్చి, ఆరు వాక్యాలు మించకుండా రాయండి. రాశాక ‘స్వీకరించడం లేదు’ అన్న మాట ఉందో లేదో చూసి, దాని కింద గీత గీయండి.

రెండు: తప్పిపోయిందనుకున్న కెమెరా, దాని బదులు వచ్చిన కెమెరా రెండూ మీ బల్ల మీద ఉన్నాయి. మొదటిదాని పెట్టెను మీ ఇంట్లో పిల్లలు అప్పటికే తెరిచేశారు. ఏది ఉంచుకుంటామని, ఏది తిరస్కరిస్తామని రాస్తారు? తెరిచిన సంగతి ఉత్తరంలో ఏ వాక్యం తరువాత చెబుతారు? ఒక సూచన: దాచకూడదు, మొదటి వాక్యంలోనూ చెప్పనక్కరలేదు.

రెండో ప్రశ్నకు నా ఉత్తరంతో 5వ పాఠం మొదలవుతుంది. అప్పటికి మీ ఉత్తరం సిద్ధంగా ఉంచుకోండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.