జార్జియన్ ప్రేమకథ రాయాలంటే ముందు పెళ్లి దస్తావేజు రాయండి

ఇంగ్లండ్‌లో నలుగురు జార్జిలు వరసగా ఏలిన కాలాన్ని, అంటే 1714 నుంచి 1830 దాకా, జార్జియన్ కాలం అంటారు. డ్యూకులు, ఎర్ల్‌లు లాంటి ప్రభువులు, వాళ్ల పెళ్లిళ్లు పెట్టి ఆ కాలం మీద ప్రేమకథ రాయాలని తెలుగులో చాలామందికి ఉత్సాహం. రాసి, ఒకసారి చూడమని నాకు పంపేవాళ్లూ ఉన్నారు. వాటిలో కొవ్వొత్తుల షాండ్లియర్ ఉంటుంది, వానలో గుర్రం మీద వచ్చే నాయకుడు ఉంటాడు, లాయరు మాత్రం ఎక్కడా కనిపించడు. నేను చాలాకాలం ఒక లాయరు దగ్గర దస్తావేజులు డ్రాఫ్టు చేసినదాన్ని, కథలు రాయడం సాయంత్రాల పని. అందుకే నా పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది. తొలిచూపు సీను తర్వాత రాసుకోవచ్చు. ముందు ఆ ఇద్దరి పెళ్లి ఒప్పందం రాసి పెట్టుకోండి. ఆ ఇళ్లలో ప్రేమకి అడ్డుపడేది చాలాసార్లు ఆ కాగితమే, దారి చూపించేది కూడా అదే.

కాగితం కన్నా ముందు సంవత్సరం తేల్చుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దం అని వదిలేస్తే కుదరదు. 1754 మార్చి 25కి ముందు ఒక ఇంగ్లండ్, ఆ తర్వాత ఇంకో ఇంగ్లండ్. హార్డ్‌విక్ ప్రభువు తెచ్చిన పెళ్లిళ్ల చట్టం ఆ రోజు అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఒక పాదిరీ దొరికి, ఇద్దరూ సరేనంటే చాలు, పెళ్లి అయిపోయినట్టే. లండన్‌లో ఫ్లీట్ జైలు చుట్టుపక్కల ఇదొక వ్యాపారంగా నడిచింది. కాస్త ఉన్నవాళ్లకి మేఫెయిర్ చాపెల్ ఉండేది. 1752 ఫిబ్రవరిలో హామిల్టన్ డ్యూక్ అక్కడే ఎలిజబెత్ గన్నింగ్‌ని పెళ్లి చేసుకున్నాడు. అప్పుడు టైము అర్ధరాత్రి దాటి అరగంట. చేతిలో ఉంగరం లేకపోతే మంచం పరదా రింగు తీసి తొడిగారని ఆ కాలపు రచయిత హొరేస్ వాల్పోల్ ఉత్తరంలో రాశాడు. ఐర్లండ్ నుంచి అందం తప్ప ఆస్తి లేకుండా వచ్చిన పిల్ల తెల్లారేసరికి డచెస్. ఈ సీను మీకు నచ్చి 1760లో పెట్టారనుకోండి, ఆ పెళ్లి చెల్లదు, పుట్టే కొడుక్కి టైటిల్ రాదు. తెలిసి పెడితే అదీ మంచి కథే, తెలియక పెడితే మాత్రం చదివినవాళ్లు పట్టేస్తారు. అన్నట్టు, 1752 సెప్టెంబరులో 2 తర్వాత నేరుగా 14 వచ్చింది, క్యాలెండర్ మార్చారు. ఆ మధ్య తేదీల్లో ఎవరికీ ముహూర్తం పెట్టకండి.

కొత్త చట్టం తర్వాత దారులు మూడు. మొదటిది, మూడు ఆదివారాలు చర్చిలో అందరి ముందు పేర్లు చదివించుకోవడం. గొప్పింటివాళ్లకి ఇది నామోషీ. రెండోది బిషప్ ఇచ్చే లైసెన్సు. దాంతో పేర్లు చదివించే పని ఉండదు కానీ, చర్చిలోనే, పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 12 లోపే పెళ్లి అయిపోవాలి. పెళ్లి విందుకి బ్రేక్‌ఫాస్ట్ అన్న పేరు అందుకే సరిపోయింది. మూడోది క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ పేరు మీద వచ్చే స్పెషల్ లైసెన్సు. లండన్‌లో డాక్టర్స్ కామన్స్ అనే చోట దాని కోసం అర్జీ పెట్టాలి. అది చేతిలో ఉంటే సొంత ఇంటి హాల్లో, రాత్రి ఎనిమిదికైనా చేసుకోవచ్చు. కొవ్వొత్తుల వెలుగులో పెళ్లి కావాలనుకునే రచయితలు ఈ లైసెన్సు కోసం ఎవరో ఒకరిని పరుగెత్తించాలి.

21 నిండకపోతే లైసెన్సుకి తండ్రి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే స్కాట్లండ్ ఉంది. ఆ చట్టం అక్కడ వర్తించదు. సరిహద్దు దాటగానే గ్రెట్నా గ్రీన్ ఊళ్లో ఇద్దరు సాక్షుల ముందు మాట ఇచ్చుకుంటే చాలు. ఈ పారిపోయే సీను చాలామంది ఒక పేరాలో ముగించేస్తారు. లండన్ నుంచి గ్రెట్నా 300 మైళ్లకి పైనే. పది పదిహేను మైళ్లకొకసారి గుర్రాలు మార్చాలి, మార్చిన ప్రతిచోటా డబ్బు కట్టాలి. బార్నెట్‌లో మొదటి మార్పు దగ్గరే ఆమె పర్సు తేలికైపోవచ్చు, అతను దాన్ని గమనించనట్టు నటించవచ్చు. సత్రంలో మంచి గుర్రాలన్నీ ముందే ఎవరో తీసుకుని ఉండొచ్చు. అలవాటు లేని ఇద్దరు ఒక బండిలో రాత్రీ పగలూ కూర్చుంటే మాటలు అయిపోతాయి. ప్రేమ ఎంతుందో అక్కడ తెలుస్తుంది.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మీ నాయిక బ్యాంకరు కూతురు, నాయకుడు అప్పుల్లో మునిగిన ఎర్ల్ పెద్దకొడుకు అనుకుందాం. నేనైతే నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇలా రాసుకుంటాను. ఆమె తండ్రి ఇచ్చే పోర్షన్, అంటే కట్నం, 20,000 పౌండ్లు. అది ఆమె చేతికి రాదు, ఎక్కువ భాగం మామగారి తాకట్లు విడిపించడానికే పోతుంది. దానికి బదులు, భర్త పోతే ఆమె బతికినన్నాళ్లూ జాయించర్ అనే భరణం వస్తుంది. కట్నంలో వెయ్యికి ఏడాదికి వంద చొప్పున వేయడం వాడుక, కాబట్టి ఇక్కడ 2,000. భర్త ఉండగా ఆమె సొంత ఖర్చుకి పిన్ మనీ, ఏడాదికి 400. పెద్దకొడుకు కాక మిగతా పిల్లలందరికీ కలిపి ఒక మొత్తం. ఇవన్నీ సక్రమంగా చూడటానికి ట్రస్టీలు. ఆ ట్రస్టీలు ఎవరన్నది మీ కథకి ముఖ్యం. ఆమె మేనమామ అయితే ఒక కథ, నాయకుడి స్నేహితుడైతే ఇంకో కథ.

ఈ ఒప్పందం లేకపోతే? పెళ్లయిన రోజు నుంచి ఆమె నగదు, నగలు, సామాను అన్నీ చట్టం దృష్టిలో భర్తవే. ఆమె పేర భూమి ఉంటే దాని శిస్తు కూడా అతని చేతిలోకే. అందుకే డబ్బున్న తండ్రులు ఒప్పందం లేని పెళ్లికి అంతగా భయపడేవాళ్లు. రాబర్ట్ చైల్డ్ అనే బ్యాంకరు కూతురు సారా 1782లో వెస్ట్‌మోర్లండ్ ఎర్ల్‌తో గ్రెట్నాకి పారిపోయింది. తండ్రి వెంటపడ్డాడు కానీ పట్టుకోలేకపోయాడు. అదే ఏడాది చనిపోయాడు, కానీ ఈలోపు వీలునామా మార్చేశాడు. ఎర్ల్ టైటిల్ దక్కే సారా పెద్దకొడుక్కి తన ఆస్తి పోకుండా చేశాడు. చివరికి అదంతా మనవరాలికి వచ్చింది. ఈ ఒక్క వీలునామాలో మూడు తరాల నవల ఉంది, ఎవరైనా రాస్తే చదవాలని నాకు ఆశ.

ఇక భూమి. ఎస్టేటు నాయకుడిదే కదా, కాస్త అమ్ముకుని అప్పు తీర్చొచ్చు కదా అని కథలో ఎవరో ఒకరు అంటారు. అమ్మలేడు. చాలా కుటుంబాల్లో భూమిని తరతరాలకీ కట్టేసి ఉంచేవాళ్లు. బతికున్నవాడు అనుభవించాలి, తర్వాత పెద్దకొడుక్కి వదలాలి, అంతే. ఆ కట్టు విప్పి కొత్తగా రాయాలంటే తండ్రి సంతకంతో పాటు 21 నిండిన కొడుకు సంతకం కూడా కావాలి. ఇక్కడ ఆగి ఆలోచించండి. అప్పులున్న తండ్రికి కొడుకు సంతకం అవసరం, చేతిలో పైసా లేని కొడుక్కి తండ్రి ఇచ్చే నెలవారీ డబ్బు అవసరం. అలాంటి టైములో కొడుకు తనకి నచ్చిన పిల్ల పేరు చెప్తాడు. విలన్ అక్కర్లేదు, తుపాకీ అక్కర్లేదు, బల్ల మీద సంతకం లేని కాగితం ఉంటే టెన్షన్ దానంతటదే వస్తుంది.

ఇదే సంగతి సీనుగా ఎలా మారుతుందో నా డ్రాఫ్టులోంచి కొంచెం చూపిస్తాను. ఒప్పందం మాట్లాడే గదిలోకి సాధారణంగా ఆడపిల్లని పిలవరు, అందుకే పక్కగదిలో కూర్చోబెట్టి తలుపు ఓరగా ఉంచాను.

లాయరు కళ్లజోడు సర్దుకుని చదివాడు. “పిన్ మనీ, ఏడాదికి నాలుగు వందల పౌండ్లు.”

“ఆరు వందలు చెయ్యండి.”

“మీ నాన్నగారు దీనికి ఒప్పుకోరు, మై లార్డ్.”

“నాకు ఇస్తానన్న దాంట్లో తగ్గించి రాయండి. ఆయనకి తేడా రాదు.”

పక్కగదిలో సూది ఆగింది. తర్వాత ఒకటే రంధ్రంలో రెండుసార్లు దిగింది.

ప్రేమిస్తున్నానని అతను చెప్పలేదు. పుస్తకం సగం అయ్యేదాకా చెప్పకపోయినా నష్టం లేదు.

టైటిళ్ల గురించి ఎక్కువ చెప్పను, ఒక పట్టిక రాసి గోడకి అంటించుకోండి. డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్, పైనుంచి కిందికి ఇదీ వరస. బారన్ కింద వచ్చే బారొనెట్ ప్రభువుల సభలో సభ్యుడు కాడు. ఎర్ల్ కూతురు పేరు ముందు లేడీ వస్తుంది, వైకౌంట్ కూతురికి రాదు. పెళ్లి కాకముందు పుట్టిన కొడుకు, తల్లిదండ్రులు తర్వాత పెళ్లి చేసుకున్నా, టైటిల్‌కి వారసుడు కాడు. డ్యూక్ తన టైటిల్‌ని తమ్ముడికి దానం చేసినట్టు రాస్తే పుస్తకం అక్కడే మూసేస్తారు.

మీ ఎర్ల్‌కి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం తప్పకుండా తేల్చండి. జమైకా చెరకు తోటలైతే ఆ వెండి పళ్లెం వెనక బానిసలున్నారు. బానిసల వ్యాపారం 1807లో ఆగినా, తోటల్లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1833లో. లేదంటే ఈస్టిండియా కంపెనీ డబ్బు. మద్రాసు గవర్నరు థామస్ పిట్ ఇక్కడ కొన్న వజ్రం మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందే. 1717లో దాన్ని ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు. పిట్ కూతురు లూసీ చేసుకున్న జేమ్స్ స్టాన్‌హోప్ తర్వాత ఎర్ల్ అయ్యాడు. తెలుగులో రాసేవాళ్లం ఈ దారి పట్టుకోకుండా ఇంకో బాల్‌రూమ్ ఎందుకు రాస్తామో నాకు అర్థం కాదు. బాల్‌రూమ్ తప్పదంటే, 1780లో వాల్ట్జ్ ఆడించకండి, మినుయెట్, కంట్రీ డాన్స్ చాలు.

ఉత్తరాలు ఈ కాలానికి పెద్ద వరం. 1840 దాకా మామూలుగా పోస్టు ఖర్చు అందుకున్నవాళ్లే కట్టేవాళ్లు, ఎన్ని కాగితాలు, ఎంత దూరం అన్నదాన్ని బట్టి. కవరు వాడేవాళ్లు కాదు, కాగితాన్నే మడిచి లక్కతో సీలు వేసేవాళ్లు. కాబట్టి నాయికకి రహస్యంగా ఉత్తరం వస్తే డబ్బు ఎవరు కట్టారో రాయాలి. నాయకుడు పార్లమెంటు సభ్యుడైతే పైన సంతకం పెట్టి ఉచితంగా పంపొచ్చు, కానీ ఆ సంతకం గుమ్మం దగ్గరి నౌకరు నుంచి అమ్మగారి దాకా అందరికీ కనిపిస్తుంది. పెళ్లి కుదరని ఇద్దరు ఉత్తరాలు రాసుకోవడమే అప్పట్లో పెద్ద మాట.

పెళ్లి చెడిపోయిన కథ రాస్తే విడాకులు తేలిగ్గా ఇప్పించకండి. చర్చి కోర్టు విడిగా ఉండమంటుంది కానీ మళ్లీ పెళ్లికి ఒప్పుకోదు. దానికి పార్లమెంటు వేరుగా చట్టం చెయ్యాలి. ఆ దారిలో భర్త తన భార్య ప్రియుడి మీద పరిహారం కోసం దావా వేసేవాడు. 1782లో సర్ రిచర్డ్ వర్స్‌లీ 20,000 పౌండ్లు అడిగాడు. భార్య స్నానం చేస్తుంటే చూడమని ఆ ప్రియుణ్ణి తానే పైకి ఎత్తాడని సాక్ష్యంలో బయటపడింది. జ్యూరీ అతని చేతిలో ఒక షిల్లింగు పెట్టి పంపింది. భార్య అడిగి విడాకులు తెచ్చుకోవడం మొదటిసారి 1801లో జరిగింది.

మొదటి నవలైతే నాయికని వితంతువుగా పెట్టుకోండి. అప్పటి చట్టం కింద ఆస్తి తన పేర ఉంచుకుని, తన సంతకం తనే పెట్టగలిగే ఆడవాళ్లలో ఆమె ఒకతి. జాయించర్ వస్తూ ఉంటుంది, తండ్రి అనుమతి అక్కర్లేదు, ఇంటికి ఎవరు వచ్చినా ఆమె ఇష్టం. మళ్లీ పెళ్లి చేసుకుంటే, ముందే ట్రస్టీల పేర రాయించుకోని ప్రతి పైసా కొత్త భర్తకి పోతుంది. అందుకని నాయకుడు పెళ్లి మాట ఎత్తినప్పుడు “ముందు మా లాయరుగారిని కలవండి” అని ఆమె చేత అనిపించండి. తర్వాతి అధ్యాయం అతను ఆ లాయరు గుమ్మం ముందు నిలబడి ఉండగా మొదలుపెట్టండి.