మీ కంపెనీ ఉన్నచోటే ఆగిపోయిందేమో చూసుకోవడం ఎలా, ఆగితే కదిలించడం ఎలా

ఈ పరీక్ష అమ్మకాలు బాగున్నప్పుడే చేసుకోండి. అవి పడిపోవడం మొదలయ్యాక చేస్తే ఇల్లు తగలబడ్డాక బావి తవ్వినట్టే, అప్పటికి చేతిలో డబ్బూ ఉండదు, టైమూ ఉండదు, కొత్తది చేయగల మనుషులు ముందే వేరే దారి చూసుకుని వెళ్లిపోయి ఉంటారు.

ముందు ఒక అపోహ వదిలేయండి. వెనకబడిపోయిన కంపెనీల్లో ఐడియాలు లేవని అందరూ అనుకుంటారు. ఫొటో ఫిల్మ్ అమ్మే కొడాక్‌నే తీసుకోండి, ఫిల్మ్ అవసరం లేని డిజిటల్ కెమెరాను 1975లో తయారు చేసింది అక్కడి ఇంజనీరు స్టీవెన్ సాసనే. ఒక్క నలుపు తెలుపు ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. తర్వాత కొడాక్ డిజిటల్ మీద ఖర్చు పెట్టింది, కెమెరాలూ అమ్మింది. అయినా లాభం ఫిల్మ్‌లో, ప్రింటు కాగితంలో, కెమికల్స్‌లో ఉండేది కాబట్టి వాటికి గండి కొట్టే పని ఏదైనా సరే మనసు పెట్టి చేయడం కష్టమైంది. 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది.

అందుకే మొదటి పని, మీ లాభం అసలు ఎక్కడినుంచి వస్తోందో ఒక కాగితం మీద రాయండి. అమ్మకం వేరు, లాభం వేరు, లాభమే రాయండి. దాని పక్కనే, కస్టమర్‌కి ఇది అవసరం లేకుండా చేసేది ఏదై ఉండొచ్చో రాయండి. ఈ రెండో భాగం రాయడానికి చేయి ఆడకపోతే జబ్బు అక్కడే ఉందని నా అభిప్రాయం.

తర్వాత మీరు అమ్మే వస్తువుల సంగతి కాసేపు మర్చిపోయి, మీ వాళ్లకి ఏం పని వచ్చో లిస్టు రాయండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, దీని మీద ఒక రోజంతా కూర్చున్నా తప్పులేదు. ఫూజీఫిల్మ్ మీదా కొడాక్‌కి తగిలిన దెబ్బే పడింది, ఫిల్మ్ గిరాకీ 2000 తర్వాత కుప్పకూలింది. కానీ వాళ్లు తమకి వచ్చిన పనిని చూసుకున్నారు. పలుచటి పొరలు ఒకదాని మీద ఒకటి పూయడం వచ్చు, ఫిల్మ్‌లో వాడే జెలటిన్ కొల్లాజెన్ నుంచే వస్తుంది కాబట్టి కొల్లాజెన్ గురించి తెలుసు, ఫొటో రంగు వెలిసిపోకుండా ఆపే రసాయనాలు తెలుసు. మొదటిది ఎల్‌సీడీ తెరల్లో వాడే ఫిల్మ్‌కి పనికొచ్చింది, మిగతా రెండూ ఆ తర్వాత మొదలుపెట్టిన చర్మ సౌందర్య ఉత్పత్తులకి. ఫొటో ఫిల్మ్ కంపెనీ క్రీములు అమ్మడం బయటివాళ్లకి వింతగా ఉంటుంది, లోపలివాళ్లకి అది తెలిసిన పనే.

దేన్ని వదిలేయాలో తేలకపోతే ఇంటెల్‌లో జరిగినట్టు అడగండి. 1985 ప్రాంతంలో మెమరీ చిప్‌ల వ్యాపారాన్ని జపాన్ కంపెనీలు లాగేసుకుంటుంటే, కంపెనీ ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్ అప్పటి సీఈఓ గోర్డన్ మూర్‌ని ఒక మాట అడిగారు: మనల్ని తీసేసి కొత్త సీఈఓని పెడితే ఆయన ఏం చేస్తాడు? మెమరీ నుంచి బయటపడతాడు అన్నారు మూర్. అయితే ఆ పని మనమే చేద్దాం అన్నారు గ్రోవ్. మీ మీటింగ్‌లో ఈ ప్రశ్న అడిగి, జవాబు చెప్పేదాకా ఎవరినీ లేవనివ్వకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొత్తవన్నీ మంచివి కావు. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుక ముక్కలు అమ్మే లెగో 2000కి అటూఇటూ వీడియో గేములు, బట్టలు, థీమ్ పార్కులు అంటూ అన్నివైపులా పరిగెత్తి పీకల్లోతు నష్టాల్లో పడింది. 2004లో వచ్చిన సీఈఓ పార్కుల్లో ఎక్కువ వాటా అమ్మించి, ఇటుక ముక్కల రకాలు బాగా తగ్గించి, మళ్లీ ఆ ముక్కల చుట్టూనే కొత్తదనం తెచ్చాడు. కాబట్టి ప్రతి కొత్త ప్రయత్నానికీ ముందే ఒక బడ్జెట్, ఒక గడువు పెట్టండి, గడువులోగా ఏం కనిపిస్తే కొనసాగిస్తారో రాసి పెట్టుకోండి. లేకపోతే ఎవరికో బాధ కలుగుతుందని దాన్ని ఏళ్ల తరబడి లాగుతారు.

పాతదాన్ని తీసేసేటప్పుడు కస్టమర్‌ని మాత్రం తోసేయకండి. నెట్‌ఫ్లిక్స్ 2007లో డీవీడీ వ్యాపారం నడుస్తుండగానే స్ట్రీమింగ్ మొదలుపెట్టింది, అది మంచి నిర్ణయం. 2011లో రెండిటినీ విడదీసి రేటు పెంచేసరికి ఒక్క త్రైమాసికంలోనే అమెరికాలో సుమారు 8 లక్షల మంది చందాదారులు తగ్గారు. దారి సరైనదే, మార్చిన తీరే జనానికి కోపం తెప్పించింది.

చివరిగా, చెడ్డ వార్త పైదాకా వస్తోందా చూడండి. నోకియాలో పనిచేసినవాళ్లతో మాట్లాడిన పరిశోధకులకి తేలిందేంటంటే, పైవాళ్ల కోపానికి భయపడి మధ్య స్థాయి మేనేజర్లు సాఫ్ట్‌వేర్ ఎంత వెనకబడిందో ఉన్నది ఉన్నట్టు చెప్పలేకపోయారు. మీ దగ్గర పోయిన నెలలో బాస్‌కి నచ్చని నిజం ఎవరు చెప్పారో, చెప్పాక వాళ్లకి ఏమైందో గుర్తు చేసుకోండి. ఒక్క పేరూ గుర్తు రాకపోతే పైన రాసిన లిస్టులన్నీ ఆపి, రోజూ కస్టమర్ల ఫిర్యాదులు వినే ఇద్దరిని ఈ వారమే పిలిచి, మీరు మధ్యలో మాట్లాడకుండా ఒక గంట వినండి.